మంచి అంకె

కుతాయిసిలో మా మందుల దుకాణంలో
అన్నిటికంటే ముందు అరిగిపోయేది కత్తెర.
పది మాత్రల రేకు మొత్తం కొనేవాళ్ళు తక్కువ.
నాలుగివ్వమ్మా అంటారు,
రెండు చాలంటారు,
గడువు తేదీ ఎవరి ముక్కకు పోతుందో చూసుకుంటూ
నేను కత్తిరిస్తాను.

నజిబ్రోలా ఐదు అడుగుతుంది. ఎప్పుడూ ఐదే.
డెబ్భై మూడేళ్ళు.
పట్టు మిల్లులో ఇరవై రెండేళ్ళు దారం తీసిన వేళ్ళు
చిల్లరను రెండుసార్లు లెక్కపెడతాయి,
ఒకసారి నాకోసం, ఒకసారి తనకోసం.

"వారానికి ఏడు రోజులు కదా" అన్నానొకసారి.
"తిన్న రోజే వేసుకోమని నువ్వే రాశావు" అంది.
నిజమే. భోజనం తర్వాత అని
డబ్బా మీద ఉన్నది నా చేతిరాతే.
భోజనం లేని రోజు సంగతి రాయడానికి
అక్కడ చోటు లేదు.

పింఛను పడగానే ముందు కరెంటు, తర్వాత గ్యాసు,
తర్వాత వీధి చివరి కొట్టులో నీలం అట్ట పద్దు పుస్తకం.
ఆమె పేరున్న పేజీ నేనూ చూశాను:
రొట్టె, రొట్టె, టీ ఆకు, చిక్కుడు గింజలు, రొట్టె.
పాలు రెండుచోట్ల. పండు ఎక్కడా లేదు.
చక్కెర జబ్బుకి రొట్టె తగ్గించాలంటుంది డాక్టరమ్మ.
తగ్గిస్తే మిగిలేదేమిటో ఆవిడ అడగదు,
ఈవిడ చెప్పదు.

మంచు కురిసి బేరాల్లేని ఒక సాయంత్రం
హీటరు పక్కన కూర్చుని అరచెయ్యి చాపి చూపించింది.
"తొంభైమూడు చలికాలం ఇక్కడ రాసేవాళ్ళు,
వంకాయరంగు సిరాతో, రొట్టె క్యూలో నా అంకె.
తెల్లవారుజామున మూడింటికి వెళ్తే నూటనలభై.
తొడుగు వేసుకుంటే చెరిగిపోతుందని
ఒట్టి చేతులతోనే నిలబడేదాన్ని."
పడవలాంటి రొట్టె ఒక్కటి. ఆడపిల్లలు ఇద్దరు.
"నేను మిల్లులో తినొచ్చానని చెప్పేదాన్ని.
మిల్లు మూసేశారని వాళ్ళకేం తెలుసు."
పెద్దదానికి తెలుసట.
తెలిసే తినేదట.
పెళ్ళయ్యాక ఒకనాడు, గిన్నెలు తోముతూ, చెప్పిందట.

ఆ చలికాలం ఆమె తుంటిలోంచి ఇంకా దిగలేదు.
ఎక్స్‌రే చూసి వయసు అన్నారు ఆసుపత్రిలో.
కావచ్చు.
మా దుకాణం పై అంతస్తులో నోటరీ గారి తల్లిదీ అదే వయసు.
ఆవిడ మూడు అంతస్తులూ ఎక్కి, పైనుంచి
నాకు చెయ్యి ఊపుతుంది.

మార్చిలో ఒక గురువారం
నా గల్లా ముందే నజిబ్రోలా ఒరిగిపోయింది.
చెమటలు, తెల్లబడ్డ పెదాలు, ముద్దముద్దగా మాట.
వేలు గుచ్చి చూస్తే చక్కెర అడుగంటింది.
వెనక నిలబడ్డ కుర్రాడు తన బేరిపండు సోడా మూత తీసి
ఆమె నోటికి అందించాడు.
తేరుకున్నాక అడిగాను, ఏం తిన్నావని.

"రెండు రోజులుగా ఏమీ లేదు.
మాత్రలు మాత్రం తప్పలేదు, పొద్దునా రాత్రీ.
రేపు పరగడుపున రక్తపరీక్ష."

నాకు అర్థం కాలేదు.
చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది:
"అంకె ఎక్కువొస్తే ఇంకో మందు రాస్తుంది కదమ్మా.
అదెక్కడ కొనను?"

వద్దన్నా వెళ్ళింది.
నేను కొనిచ్చిన రొట్టెలో సగం
పరీక్షయ్యాక తిందామని సంచిలో దాచుకుని మరీ వెళ్ళింది.
మధ్యాహ్నానికి కాగితం తెచ్చి నా ముందు పరిచింది.
మంచి అంకె.
డాక్టరమ్మ దాని చుట్టూ ఎర్రగా గీత గీసి
పక్కన రాసింది: చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి.

ఇలాగే.

నజిబ్రోలా చిల్లర తీసింది. రెండుసార్లు లెక్కపెట్టింది.
"ఐదు."
నేను ఏడు కత్తిరించి ఇచ్చాను.
ఆమె రేకును వెలుతురుకి ఎత్తి చూసింది,
కత్తెర అడిగి తీసుకుంది,
చివరి రెండూ తనే కోసి నా వైపు జరిపింది:

"వీటికి తోడు తిండేదీ?"